పేరు తీసేసి సారీ అంటే సరిపోతుందా?

2018 డిసెంబర్ 7, తెలంగాణ పోలింగ్ గుర్తుందా? చేతిలో ఓటర్ కార్డు ఉంది, లిస్టులో పేరు లేదు. అలా వెనక్కి వెళ్లినవాళ్లు ఎంతోమంది. అప్పటి ముఖ్య ఎన్నికల అధికారి రజత్ కుమార్ క్షమాపణ చెప్పారు. మంచిదే. కానీ చట్టంలో అంతకన్నా ఎక్కువే ఉంది.

1950 ప్రజాప్రాతినిధ్య చట్టం, సెక్షన్ 22: మీరు అక్కడ ఉండట్లేదని పేరు తీసేయాలంటే, ముందు మీ మాట వినాలి. సెక్షన్ 32: సరైన కారణం లేకుండా జాబితా పనిలో డ్యూటీ తప్పిన అధికారికి 3 నెలల నుంచి 2 ఏళ్ల దాకా జైలు, జరిమానా కూడా.

మెలిక ఏంటంటే, ఈ కేసు మనం నేరుగా పెట్టలేం. ఎన్నికల సంఘమో, ముఖ్య ఎన్నికల అధికారో కదిలితేనే కోర్టు తీసుకుంటుంది. అంటే తమవాళ్ల మీద తామే! అందుకే నోటీసు ఎప్పుడిచ్చారు, ఎవరు విన్నారు అని ఆర్‌టీఐ వేయండి. ఆ జవాబు జతచేసి సెక్షన్ 32 కింద చర్య తీసుకోమని వాళ్లకే రాయండి.