పరిశోధకుడికో గది, కొల్లేటి సీమకో చరిత్ర



పోయినవారి పేరును శాశ్వతమైన ఆదాయానికి ముడిపెట్టడం మన కొల్లేటి సీమలోని కలిదిండికి కొత్త కాదు. పదకొండో శతాబ్దంలో వేంగి రాజు రాజరాజ నరేంద్రుడికి సాయంగా వచ్చిన చోళ సేనానులు ముగ్గురు కర్ణాట సైన్యంతో పోరులో నేలకొరిగారు. వారి పేర శివాలయాలు కట్టించి, వాటి పోషణకు గ్రామాలు రాసిచ్చిన సంగతిని కలిదిండి తామ్రశాసనం చెబుతుంది. దీపం ఆరకూడదంటే దీపం పెట్టేవాడి తిండీ చూడాలని ఆనాటివారికి తెలుసు.

ఈ స్మారక నిధి ధర్మకర్తలకు నా విన్నపం కూడా అలాంటిదే. ఏటేటా ఇప్పించే ఈ ఉపన్యాసంతో పాటు, ఒక ఆర్థిక చరిత్ర పరిశోధకుడికి కొన్ని నెలలు ఈ ఊళ్లోనే బస, భృతి ఏర్పాటు చేయండి.

ఎందుకంటారా? 1852లో గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో కృష్ణపై బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాయి. ఆ రెండు నదుల డెల్టాల నడుమ మన కొల్లేరు ఉంది. ఆ కాలపు నీటి తీరువా, భూమి శిస్తు, కాలువల ఖర్చు ప్రభుత్వ దస్త్రాలకెక్కాయి. మద్రాసు ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌లో కూర్చుంటే చాలావరకు దొరుకుతాయి. 1970ల చివర నుంచి ఇక్కడ జరిగిన మార్పు మాత్రం అలా దొరకదు. మొదట మత్స్యకారుల సహకార సంఘాల చెరువులు వచ్చాయి, తర్వాత ప్రైవేటు చెరువులు. వరిచేలు గట్లు కట్టుకుని శీలావతి, బొచ్చె చెరువులయ్యాయి. ఐసు వేసిన లారీలు హౌరా దారి పట్టాయి. 1990లలో టైగర్ రొయ్య ఆశపెట్టింది, తెల్లమచ్చ తెగులు దాన్ని తుడిచిపెట్టింది. 1999లో కొల్లేటిని ఐదో కాంటూరు వరకు అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో చిత్తడినేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో అభయారణ్యంలోని చెరువు గట్లు తెగ్గొట్టారు. 2009లో దేశంలో వనామీ రొయ్యకు అనుమతి వచ్చింది.

తేదీలు ఇలా వరుసగా చెప్పొచ్చు. చెరువు లీజుకు మదుపు ఎవరు పెట్టారు? తవుడు, చెక్క ఎవరు అరువిచ్చారు, పట్టుబడి నాడు ఎంత పట్టుకున్నారు? హౌరా ధర కైకలూరికి ఎలా చేరేది? గట్టు తెగినప్పుడు అప్పు ఎవరి నెత్తిన పడింది? వీటికి జవాబులు ఇళ్లలోని చిట్టా ఆవర్జాల్లో, ఐసు ఫ్యాక్టరీల పద్దుల్లో, సంఘాల మినిట్స్ పుస్తకాల్లో ఉన్నాయి. వాటాలు విడిపోయిన రోజున అవి చెదలకో, పాతకాగితాల కొట్టుకో పోతున్నాయి. 1923లో మచిలీపట్నంలో పుట్టిన ఆంధ్రా బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. అంత పెద్ద సంస్థ పేరే ఆగిపోగా, ముగ్గురు వాటాదారుల చెరువు లెక్కలు వాటంతట అవి నిలుస్తాయా?

ఇలాంటి లెక్కల పుస్తకాన్ని వచ్చీపోయే మనిషికి ఎవరూ చూపించరు. పట్టుబడి, ఎండగట్టడం, పిల్ల వదలడం అన్నీ కళ్లారా చూసి, మేత కట్టే కూలీతోనూ, కమీషను వ్యాపారితోనూ, లంక గ్రామాల మత్స్యకారులతోనూ కలిసి మెలిగినవాడికే ఆ లెక్కల అర్థం తెలుస్తుంది. కోస్తా రైతు మిగులు వ్యాపారంలోకి ఎలా పారిందో 1988లో వివరించిన సామాజిక మానవశాస్త్రవేత్త కరోల్ ఉపాధ్య వ్యాసాన్ని నేటికీ చదువుతున్నామంటే, దాని వెనుక ఇక్కడి జనం మధ్య చేసిన పరిశోధన ఉంది.

లోకంలో దీనికి నమూనాలున్నాయి. అమెరికాలో 1802లో డ్యూపాంట్ కుటుంబం తుపాకిమందు కార్ఖానా పెట్టిన బ్రాండీవైన్ ఏటి ఒడ్డునే హాగ్లీ గ్రంథాలయం ఉంది. డాక్టరేటు రాసే విద్యార్థికి నాలుగు నెలలు బస, భృతి, రాసుకునే గది ఇచ్చే ఫెలోషిప్ అక్కడ ఉంది. హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో వ్యాపార చరిత్రకు ఏడాది పాటు ఉండే న్యూకోమెన్ ఫెలోషిప్ ఉంది. మన సిమ్లాలో 1965లో ప్రారంభమైన ఉన్నత అధ్యయన సంస్థ పండితులకు నివాసమిచ్చి రాసుకోనిస్తోంది. పుణెలో టాటా సంస్థల కాగితాలకు ప్రత్యేక భాండాగారం ఉంది.

మన ఏర్పాటు చిన్నదే కావచ్చు, షరతులు మాత్రం గట్టిగా ఉండాలి. పరిశోధకుణ్ని ఎంచేది బయటి పండితులు కావాలి, దాతలు కాదు. రాతప్రతిని అచ్చుకు ముందు చూపమని దాతలెవరూ అడగకూడదు. చెరువు యజమాని పద్దుతో పాటు కూలీ మాటా, నీళ్లు కోల్పోయిన లంకవాసి మాటా నమోదు కావాలి. సేకరించిన ప్రతి కాగితం నకలు ఇక్కడే మిగలాలి. వెళ్లేముందు ఆ పరిశోధకుడు తెలుసుకున్నది ఈ ఊరి జనానికి తెలుగులో చెప్పాలి. మెచ్చుకోలు రాయించుకోవడానికైతే ఈ నిధి అక్కర్లేదు. మన సంపద ఎలా వచ్చిందో, దాని ఖరీదు ఎవరు కట్టారో మన పిల్లలకు నిజంగా తెలియడానికి కావాలి.

ధర్మకర్తలు ఈ మాటను తీర్మానంగా తీసుకుంటే, మా కుటుంబపు చెరువుల లెక్కల పుస్తకాలన్నీ మొదటి పరిశోధకుడికి అప్పగిస్తాను. నష్టం వచ్చిన ఏళ్లవీ, చెప్పుకోవడానికి ఇష్టపడని అప్పులవీ వాటిలో ఉంటాయి. మీ ఇళ్లలో ఉన్నవి కూడా తెండి.