నవ్వు ఎవరి పక్షం?
రావిశాస్త్రి స్మారకోపన్యాసం, విశాఖపట్నం



రాచకొండ విశ్వనాథశాస్త్రి గారి పేరు మీద మాట్లాడమన్నప్పుడు ఆయన ఉపమానాల గురించో, కథాశిల్పం గురించో చెబుతానని మీరు అనుకుని ఉండవచ్చు. వాటి మీద మంచి వ్యాసాలు చాలానే వచ్చాయి. నేను ఆయన నవ్వు గురించి మాట్లాడాలనుకుంటున్నాను. ఆ నవ్వు ఏ జనం దగ్గర పుట్టిందో ఆ జనాన్ని చూసే లోకం ఇన్నాళ్లూ నవ్వింది. ఈ రెండు నవ్వులూ ఒకటి కావు. ఆ తేడా తేల్చడానికి కాసేపు సముద్రాలు దాటి, అమెరికాలోని చికానోల దగ్గరికి కూడా వెళ్లాల్సి ఉంటుంది. చికానోలంటే మెక్సికో మూలాలున్న అమెరికన్లలో తమ పుట్టుకను దాచుకోకుండా, దాన్నే రాజకీయంగా నిలబెట్టుకున్నవాళ్లు.

ముందు మన ఫిషింగ్ హార్బరుకు వెళదాం. తెల్లవారి బోట్లు ఒడ్డుకు చేరాక వేలంపాట మొదలవుతుంది. పాటలో గంపలు కొన్న ఆడవాళ్లు అక్కడే కూర్చుని చిల్లరగా అమ్ముతారు. బేరానికి వచ్చిన ఆసామి చేపను ముక్కు దగ్గర పెట్టుకుని మొహం చిట్లిస్తాడు. "సేప సేప కంపే కొడతాది గానీ సెంటు కంపు కొడతాదేటి బావూ" అంటుంది ఆవిడ, కత్తిపీట మీంచి తల ఎత్తకుండానే. పక్క గంపలవాళ్లంతా నవ్వుతారు. ఆసామి అడిగిన ధరే ఇచ్చి వెళ్లిపోతాడు. ఆవిడ మర్యాద తప్పలేదు, గొంతు పెంచలేదు. ఒక్క మాటతో బేరాన్నీ, మనిషినీ దారికి తెచ్చింది. హార్బరుకు వెళ్లేవాళ్లకి ఇది కొత్త కాదు, ఇలాంటి జవాబులు అక్కడ రోజూ వినపడతాయి.

ఇదే మనిషిని తెలుగు సినిమా దశాబ్దాల పాటు చూపించిన తీరు గుర్తు చేసుకోండి. పనిమనిషి, కాపలావాడు, మోటు రౌడీ, బుర్ర తక్కువ బంట్రోతు. వీళ్లందరికీ శ్రీకాకుళం యాస పెట్టారు. ఆ యాస వినపడగానే హాలు నవ్వాలి, అంతవరకే. సినిమా ఆవిడ పలుకుబడిని తీసుకుంది, ఆవిడ తెలివిని హార్బరులోనే వదిలేసింది. ఒక ప్రాంతం మాటను ఎప్పుడూ నౌకరు నోటనే వినిపిస్తూ పోతే, ఆ ప్రాంతం నుంచి వచ్చిన పిల్లవాడు విజయవాడలోనో హైదరాబాదులోనో హాస్టల్ గదిలో నోరు విప్పడానికి జంకుతాడు. నేను దీన్ని చిన్న విషయంగా చూడలేను. జంకిన మనిషి జీతం దగ్గరా జంకుతాడు, నష్టపరిహారం దగ్గరా జంకుతాడు.

రావిశాస్త్రి గారు ఈ లెక్కను తారుమారు చేశారు. ఆయన ఈ ఊరి కోర్టుల్లో వకీలు. మద్యనిషేధం రోజుల్లో సారా కేసుల్లో పట్టుబడి వచ్చే మనుషుల్ని వరండాల్లో చూశారు, వాళ్ల మాట విన్నారు. 'ఆరు సారా కథలు' అక్కడి నుంచి వచ్చాయి. వాటిలో 'మాయ' తీసుకోండి. సారా కేసులో ముద్దాయి ముత్యాలమ్మ. ఆమె తరఫున నిలబడినవాడు అప్పుడే వృత్తిలోకి దిగిన కుర్ర ప్లీడరు. చట్టం చదివింది అతను. చట్టం ఎలా నడుస్తుందో తెలిసింది ఆమెకు. పోలీసు ఎప్పుడు పట్టుకుంటాడు, ఎందుకు పట్టుకుంటాడు, ఎవరి వాటా ఎంత, సాక్షి ఎక్కణ్ణుంచి వస్తాడు, అన్నీ ఆమె తన యాసలోనే చెప్పుకుపోతుంది. పాఠకుడు నవ్వుతాడు, కానీ యాసను చూసి కాదు. ఆ యాసలో చెబుతున్న నిజం ముందు పోలీసు వ్యవస్థ, కోర్టు, పెద్దమనుషులు వరసగా నగుబాటు పాలవుతుంటే నవ్వుతాడు. అంతవరకు కింద ఉన్న నోరు పైకి వచ్చింది. తెలుగు కథలో ఇంతటి మార్పు తెచ్చిన పుస్తకాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చని నా నమ్మకం.

ఈ దారి వేసిన పెద్దాయన గురజాడ. 1892లో విజయనగరంలో 'కన్యాశుల్కం' ఆడినప్పుడే వాడుక మాట రంగస్థలం ఎక్కింది, నవ్వు పెద్దింటి గడపలోకి నడిచింది. ఆ నాటకం సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు.

గిడుగు రామమూర్తి గారి గురించి మాత్రం ఒక మాట చెప్పి తీరాలి, ఎందుకంటే చికానోల కథకు తలుపు అక్కడే ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి పట్టణం, బరంపురం అటు వెళ్లిపోయాయి. ఆ ఊళ్లలో తరాలుగా తెలుగు మాట్లాడుతున్నవాళ్లు ఒక్క అడుగు వేయకుండానే పొరుగు రాష్ట్రం వాళ్లయ్యారు. జీవితంలో ఎక్కువ భాగం పర్లాకిమిడిలో గడిపి, వాడుక భాష కోసం పోరాడి, సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు కూర్చిన గిడుగు, ఆ విభజనను సహించలేక ఊరు వదిలి రాజమండ్రి వచ్చేశారు. అప్పటికి ఆయనకు డెబ్బై దాటాయి.

అమెరికాలో ఇదే 1848లో ఇంకా పెద్ద ఎత్తున జరిగింది. యుద్ధంలో ఓడిన మెక్సికో గ్వాదలూపే ఇదాల్గో సంధి మీద సంతకం పెట్టి కాలిఫోర్నియా మొదలు ఎంతో నేలను వదులుకుంది. అక్కడున్న మెక్సికన్లు ఉన్నచోటనే పరాయివాళ్లయ్యారు. మేం గీత దాటలేదు, గీతే మమ్మల్ని దాటిపోయిందని వాళ్ల మనవలు ఇప్పటికీ అంటారు. ఆ తర్వాత కూలి కోసం గీత దాటి వచ్చినవాళ్లు వేరే. ఇద్దర్నీ తెల్లవారి సినిమా ఒకే గాటన కట్టింది: పెద్ద టోపీ పెట్టుకుని గోడకు చేరగిలబడి నిద్రపోయే సోమరి, లేదంటే మీసాల దొంగ, మాట్లాడితే విరిగిపోయే ఇంగ్లీషు. మన యాసకు జరిగిన మర్యాదే.

వాళ్లు ఏం చేశారో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మనకు పనికొచ్చేది అక్కడ ఉంది. 1965 సెప్టెంబరులో కాలిఫోర్నియా డెలానో ద్రాక్షతోటల్లో ముందుగా ఫిలిప్పినో కూలీలు సమ్మె కట్టారు. కొద్దిరోజులకే సీజర్ చావెజ్, డొలోరెస్ హుయెర్తా నడిపే సంఘంలోని మెక్సికన్ కూలీలు వాళ్లతో కలిశారు. డెలానోలోనే తోటకూలీల ఇంట పుట్టిన లూయీస్ వాల్దెజ్ అనే పాతికేళ్ల కుర్రవాడు అప్పుడు ఒక నాటకబృందం కట్టాడు. దాని పేరు ఎల్ తియాత్రో కాంపెసీనో, అంటే రైతుకూలీల నాటకశాల. లారీ వెనక భాగమే వేదిక. నటులు సమ్మెలో ఉన్న కూలీలే. ఒకడి మెడలో సమ్మెకారుడని అట్టముక్క, ఇంకొకడి మెడలో సమ్మె విరగ్గొట్టేవాడని అట్టముక్క. దొరకు పంది ముఖం ముసుగు.

వాళ్ల తొలి నాటికల్లో ఒకదాంట్లో దొర తన బతుకు ఎంత కష్టమో కూలివాడికి చెప్పుకుంటాడు. భూములు చూసుకోవాలి, భార్య ఖర్చులు చూసుకోవాలి, నీకేం, హాయిగా ఉన్నావంటాడు. సరదాకి ఇద్దరూ వేషం మార్చుకుంటారు. ముసుగు, చుట్ట, కొరడా కూలివాడి చేతికి వస్తాయి. అంతే, అతను దొర పాఠమంతా దొరకే అప్పజెబుతాడు. చివరికి దొర కాపలావాడే అసలు దొరను గుర్తుపట్టక ఈడ్చుకుపోతుంటే, దొర గావుకేక పెట్టి సీజర్ చావెజ్‌ను పిలుస్తాడు. సమ్మె వల్ల పస్తులున్న కూలీలు తోట గట్ల మీద నిలబడి కడుపుబ్బా నవ్వారు. పొద్దున లేస్తే భయపడాల్సిన మనిషిని చూసి రాత్రి నవ్వారు. మర్నాడు అతని ఎదుట నిలబడే తీరు మారకుండా ఎలా ఉంటుంది? 1966లో వాళ్లు రాష్ట్ర రాజధాని శాక్రమెంటోకు పాదయాత్ర చేసినప్పుడు మజిలీ మజిలీలో ఈ బృందం ఆడింది. ద్రాక్షతోటల యజమానులు ఒప్పందాల మీద సంతకాలు పెట్టడానికి 1970 దాకా పట్టింది.

ఈ విద్య మనకు తెలియనిదా? బుర్రకథలో నడుమ కథకుడు, ఒక పక్క రాజకీయ వంత, రెండో పక్క హాస్య వంత. ప్రజానాట్యమండలి వాళ్లు దీన్ని ఊరూరా తిప్పారు. రాజకీయాన్నీ హాస్యాన్నీ కథకు రెండు భుజాలుగా నిలబెట్టిన కళారూపం మన చేతిలో ఉండగా, ఉపన్యాసాల్లో రాజకీయం గంభీరమని, హాస్యం తేలికని విడదీసుకుంటున్నాం. ఉత్తరాంధ్రకు సొంతమైన జముకుల కథ ఉంది. ఒకవైపు తోలు బిగించి, లోపలి నుంచి నరం లాగి మీటే ఆ చిన్న వాద్యం చప్పుడు విన్నవాళ్లు మరిచిపోరు. ఒరియా ఇంట పుట్టి తెలుగులో పాడిన సుబ్బారావు పాణిగ్రాహి దాన్ని శ్రీకాకుళం ఉద్యమానికి తెచ్చాడు. 1969 డిసెంబరులో పోలీసుల చేతుల్లో చనిపోయాడు. మరుసటి ఏడాది ఆగస్టు 29న లాస్ ఏంజెలెస్‌లో, వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా చికానోలు తీసిన ఊరేగింపు రోజున, వాళ్ల గొంతుగా పేరు తెచ్చుకున్న పత్రికా రచయిత రూబెన్ సలజార్ పోలీసులు పేల్చిన బాష్పవాయు గుండు తగిలి చనిపోయాడు. ఇద్దరివీ వేరువేరు దారులు. అయినా అంచున ఉన్న జనం గొంతు విప్పినప్పుడు చెల్లించిన మూల్యం రెండుచోట్లా ఒకటే.

తర్వాత ప్రజాగాయకుడు వంగపండు వచ్చారు. పార్వతీపురం పక్కన పెదబొండపల్లిలో పుట్టి, ఈ ఊరి షిప్‌యార్డులో పనిచేసిన మనిషి. జననాట్యమండలి కట్టినవాళ్లలో ఒకరు. 2020 ఆగస్టులో కన్నుమూశారు. రావిశాస్త్రి గారి మీద ఎంత గౌరవం ఉన్నా ఇక్కడ ఒక మాట దాచకూడదు. శాస్త్రి గారు ముత్యాలమ్మ మాట విని రాసినవారు. వంగపండు ఆ మాటలోనే పెరిగినవారు. విని రాయడానికీ, ఆ నోటితోనే పాడటానికీ మధ్య కులం ఉంది, చదువు ఉంది, జీతం ఉంది. డెలానోలో కూలివాడే కూలివాడి వేషం కట్టడంలో ఉన్న బలం అదే. ఇవాళ అట్టాడ అప్పలనాయుడు, గంటేడ గౌరునాయుడు, మల్లిపురం జగదీశ్ వంటివారు రాస్తున్నారంటే ఆ కొరత తీరుతోందని నాకు సంతోషంగా ఉంది.

విశాఖలో కూర్చుని ఉక్కు గురించి మాట్లాడకుండా ఉండలేను. 1966 నవంబరు 1న ఉక్కు ఫ్యాక్టరీ కోసం సాగిన ఆందోళనలో ఈ ఊళ్లో తూటాలకు మనుషులు పడిపోయారు. టి. అమృతరావు గారి నిరాహారదీక్ష, తెన్నేటి విశ్వనాథం గారి నాయకత్వం మనందరికీ తెలిసినవే. 1971 జనవరిలో శంకుస్థాపన జరిగింది. ఫ్యాక్టరీ కోసం 60కి పైగా గ్రామాలు లేచిపోయాయి. నిర్వాసితులకు పునరావాసం కింద ఆర్ కార్డులిచ్చారు. ఆ కార్డు మీద ఉద్యోగం వచ్చినవాళ్లున్నారు, కార్డు దాచుకునే ముసలివాళ్లయినవాళ్లూ ఉన్నారు. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అన్న నినాదంలో హక్కు ఆంధ్రులందరిది. నేల ఇచ్చినవాడు మాత్రం గాజువాక చుట్టుపక్కల పల్లె మనిషి. అతని యాసనే మనం సినిమాలో నవ్వుకున్నాం. 2021 జనవరి 27న ప్లాంటులో వాటాలన్నీ అమ్మేయడానికి కేంద్ర మంత్రివర్గ సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకున్నప్పుడు కూర్మన్నపాలెంలో దీక్షా శిబిరం వెలిసింది. ఆ శిబిరంలో పాటలు, ప్రసంగాలు, వ్యంగ్యం, అన్నీ సాగాయి. పత్రికల్లో మనకు చేరింది ప్రసంగాలే.

ఈ మధ్య సినిమాలో గాలి కొంచెం మారింది. 2018లో 'కేరాఫ్ కంచరపాలెం' ఆ వాడ మనుషులతోనే తీశారు. 2020లో 'పలాస 1978' వచ్చింది. 2018 నవంబరులో గుజరాత్ వెరావల్ బోట్లలో వేటకు వెళ్లి పాకిస్తాన్ చేతికి చిక్కిన మన మత్స్యకారుల్లో 20 మంది 2020 జనవరిలో వాఘా దగ్గర విడుదలయ్యారు. ఆ కథ స్ఫూర్తితో వచ్చిన 'తండేల్'లో కథానాయకుడే శ్రీకాకుళం మాట మాట్లాడాడు. సంతోషమే. కానీ ఆ మత్స్యకారులు శ్రీకాకుళం తీరం వదిలి వెరావల్‌కు ఎందుకు వెళ్లాల్సి వచ్చింది? ఇక్కడ చాలినన్ని జెట్టీలు, హార్బర్లు లేక. ఒకప్పుడు కూలికి రంగూన్ స్టీమరెక్కిన జనమే ఇవాళ గుజరాత్ రైలెక్కుతున్నారు. కథానాయకుడి నోట యాస పెడితే ఆ రైలు ఆగదు.

సినిమా నుంచి బడికి వద్దాం. 1968 మార్చిలో లాస్ ఏంజెలెస్ తూర్పు భాగంలో వేలాది చికానో విద్యార్థులు తరగతుల నుంచి బయటికి నడిచారు. వాళ్ల కోరికల్లో ఒకటి, బడిలో స్పానిష్ మాట్లాడినందుకు శిక్షించకూడదని. ఇంకొకటి, పాఠాల్లో తమ చరిత్ర ఉండాలని. మన పిల్లలను కొట్టడం లేదు, నిజమే. కానీ "ఏటి" అన్న పిల్లను "ఏమిటి అనాలి" అని పదిమందిలో దిద్దే ఉపాధ్యాయులు ఈ సభలోనూ ఉండవచ్చు. వాళ్లను నిందించడం నా ఉద్దేశం కాదు. రాతకు ఒక పద్ధతి నేర్పండి, తప్పకుండా నేర్పండి. నోటిని మాత్రం వదిలేయండి. ఆ పిల్ల ఇంటి దగ్గర ఆ మాటలోనే ప్రేమిస్తారు, ఆ మాటలోనే ఏడుస్తారు.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో పుట్టింది. వందేళ్ల ఆ సంస్థకు, ఈ సభలో ఉన్న ఆచార్యులకు ఒక విన్నపం. జముకుల కథలో, తప్పెటగుళ్లలో, తూర్పు భాగవతంలో అప్పటికప్పుడు పుట్టే హాస్యం అచ్చుపుస్తకాల్లో ఉండదు. కథ అచ్చవుతుంది, పద్యం అచ్చవుతుంది, ఆ రాత్రి ఆ ఊరి కాంట్రాక్టరు మీద, ఎమ్మెల్యే మీద పడిన జోకు గాలిలో కలిసిపోతుంది. ఆ కళాకారుల్లో వయసు మళ్లినవాళ్లే ఎక్కువ. ఒక వేసవిలో పది మంది విద్యార్థుల్ని రికార్డర్లతో బొబ్బిలి, పార్వతీపురం, టెక్కలి వైపు పంపండి. కథ తర్వాత రాసుకోవచ్చు, ముందు హాస్యం రికార్డు చేయమని చెప్పండి. వాళ్ల భోజనం, బస్సు ఛార్జీల ఖర్చు కోసం ఈ ఉపన్యాసానికి మీరిచ్చిన పారితోషికాన్ని నిర్వాహకుల దగ్గరే ఉంచి వెళుతున్నాను.