ధనుర్మాసపు కచేరీలు

కాంగ్రెస్ మహాసభ సందర్భంగా 1927లో మద్రాసులో జరిగిన సంగీత సమ్మేళనం ఫలితంగా 1928లో ఏర్పడిన సంగీత అకాడమీ, రాబోయే డిసెంబరులోనూ ఆనవాయితీగా కచేరీల ఉత్సవాన్ని నిర్వహించనుంది. ఉదయం వేళ విద్వాంసులు పాడి చూపుతూ శాస్త్రాన్ని వివరించే సోదాహరణ ప్రసంగాలు ఉంటాయి. సంగీత జిజ్ఞాసువుకు ఈ ఉత్సవం ఇచ్చే అత్యంత విలువైన కానుక నిజానికి ఇవే. మధ్యాహ్నం వర్ధమాన కళాకారులు, సాయంత్రం లబ్ధప్రతిష్ఠులు గాత్ర, వాద్య కచేరీలు చేస్తారు. ప్రధాన కచేరీలలో తరచుగా వినిపించే రాగం తానం పల్లవి అనే ప్రక్రియలో, సాహిత్యం లేకుండా రాగాన్ని విస్తరించే ఆలాపన, తాళం లేకుండానే లయను పలికించే తానం, ఒకే సాహిత్య పాదాన్ని తాళబద్ధంగా పలు నడకల్లో తిప్పే పల్లవి వరుసగా సాగి గాయకుని మనోధర్మాన్ని, అంటే అప్పటికప్పుడు సృజించే శక్తిని, పూర్తిగా వెల్లడిస్తాయి. కచేరీలలో పాడే త్యాగరాజ కృతులలో అధికభాగం తెలుగువే కావడం వల్ల, తమిళనాట జరిగే ఈ కచేరీలను తెలుగు శ్రోతలు నాదంతోపాటు భావాన్నీ నేరుగా గ్రహిస్తూ ఆస్వాదించగలరు.