పురిటిగదిలో పడిన మాట

మిరపకోతల రోజులలో ఒక కార్యక్రమం రికార్డు చేయటానికి కురిచేడు వెళ్లాను. తిరుగుప్రయాణంలో గుంటూరు వైపు పోవలసిన బండి ఆలస్యమయింది. స్టేషను బెంచీమీద నా ప్రక్కన ఇరవై యేండ్లు దాటిన యువతి, ఒడిలో యేడాది నిండని బిడ్డతో కూర్చున్నది. మాటలలో రెండవ కాన్పు ప్రసక్తి వచ్చేసరికి ఆమె ముఖం వాడిపోయింది.

"నొప్పులకు కాదక్కా, ఆ మాటకు భయం" అన్నది.

నొప్పులకు తాళలేక అరచినప్పుడు, "ఆనాడు లేని యేడుపు ఇప్పుడెందుకే?" అన్నారట. తొడమీద ఒక దెబ్బకూడా వేశారట. ఏ ఆస్పత్రి అని నేనడగలేదు. ఆ మాట ఒక్క ఆస్పత్రి సొత్తు కాదు గదా!

శరీరానికి పడిన కుట్లు కొన్నాళ్లకు మానుతాయి. మనస్సు సంగతి వేరు. ప్రసవవేదనలో ఉన్న స్త్రీ లేచి వెళ్లలేదు, ఎదురు చెప్పలేదు. తన ప్రాణమూ బిడ్డప్రాణమూ ఎవరి చేతులలో ఉన్నవో వారే తనను అవమానిస్తున్నారు. ఈ నిస్సహాయతే లోతుగా నాటుకుంటుంది. తరువాత బిడ్డ యేడిస్తే ఆ గది కళ్లకు కడుతుంది; పీడకలలు వస్తాయి; ఆస్పత్రి వాసనకే గుండె దడదడలాడుతుంది. కొందరు బిడ్డకు టీకా వేయించటానికైనా ఆ గడప త్రొక్కరు. కొందరికి బిడ్డను ఎత్తుకున్నా మమకారం పుట్టదు, పుట్టలేదే అన్న అపరాధభావం మాత్రం పుడుతుంది. ఇంట్లోవారు "బాలింత గదా, గాలి సోకింది" అని విభూతి పెడతారు. కాన్పయిన తొలిదినాలలో కన్నీరు సహజమే. రెండువారాలు దాటినా దిగులు తీరకపోతే వైద్యునికి చూపవలసిందే. దీనిని గుర్తించటానికి ఎడింబరోలో రూపొందించి 1987లో ప్రకటించిన పది ప్రశ్నల పట్టిక ఉన్నది. అడగటానికి అయిదు నిమిషాలు చాలు.

2019లో లాన్సెట్ పత్రికలో వెలువడిన పరిశోధన ఒకటి చూడండి. ఘనా, గినీ, నైజీరియా దేశాలలో కాన్పులను పరిశీలకులు స్వయంగా చూశారు. 2016 మంది స్త్రీలలో 838 మంది దెబ్బలో, దూషణలో, చిన్నచూపో చవిచూశారు. బిడ్డ పుట్టటానికి అరగంట ముందునుంచి పుట్టిన పావుగంట వరకు ఇది హెచ్చుగా జరిగింది. చిన్నవయస్సువారు, చదువులేనివారు ఎక్కువగా బలి అయ్యారు.

2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96 కాన్పులు ఆస్పత్రులలోనే జరిగినవి. తల్లుల ప్రాణరక్షణకు ఇది గొప్ప మేలు, సందేహం లేదు. అయితే మంత్రసాని ఇంటికి వచ్చిన కాలంలో, ఎంత ప్రమాదమున్నా, ప్రక్కన అమ్మ ఉండేది. ఆస్పత్రిలో ఆమెను తలుపు వెలుపల నిలిపాము. ఒక్క నర్సు అనేకమంది నొప్పులవారిని రాత్రంతా చూడవలసివస్తే ఓర్పు నశిస్తుందని నేనెరుగుదును. వారి అలసటకు చికిత్స మరికొందరు నర్సులను వేయటం; బాలింతమీద చేయి చేసుకోవటం కాదు.

ఇంతలో బండి వస్తున్నదని గంట కొట్టారు. "ఈసారి మా అమ్మను లోపలికి రానిస్తారా?" అని అడిగింది ఆమె. ప్రభుత్వాస్పత్రులలో నొప్పుల సమయాన ఒక స్త్రీని తోడుగా ఉంచుకోవచ్చునని కేంద్ర ఆరోగ్యశాఖ 2016లోనే అనుమతించిందని, ఆ తోడుమనిషి శుభ్రమైన బట్టలు కట్టుకొని, అంటువ్యాధి లేనిదై, వైద్యానికి అడ్డురాకుండా ఉండాలని చెప్పాను.

"మాకెవరూ చెప్పలేదే!" అని, బిడ్డను భుజాన వేసుకొని లేచింది.