జవాబు ఆలస్యమైతే కంగారు పడకండి

పట్టాలు అందుకుంటున్న మీకు, వెనక వరుసల్లో కూర్చున్న మీ అమ్మానాన్నలకు అభినందనలు.

ఫోను చూస్తూ అనుకున్న పని వదిలేస్తున్నారా? మణికట్టు, మెడ నొప్పి పెడుతున్నాయా? ఫోను దగ్గర లేకపోతే ఉండలేకపోతున్నారా? స్మార్ట్‌ఫోన్ వ్యసనాన్ని కొలవడానికి దక్షిణ కొరియా పరిశోధకులు 2013లో ఇలాంటి ప్రశ్నలతో ఒక కొలమానం తయారుచేశారు. దాని ఆధారంగా 24 దేశాల యువత మీద జరిగిన అధ్యయనాలను 2022లో ఒకచోట చేర్చి పోల్చారు. చైనా, సౌదీ అరేబియా పైన నిలిచాయి. జర్మనీ, ఫ్రాన్స్ అట్టడుగున. జర్మనీలో ఫోన్లకేం కొరత లేదు కదా, మరి ఈ తేడా ఎందుకు?

నాకు తోచిన కారణం చెబుతాను. బంధుత్వాలు గట్టిగా అల్లుకున్నచోట, పిలిస్తే వెంటనే పలకకపోవడం మర్యాద తప్పినట్టు లెక్క. మనదీ అలాంటి సమాజమే. హాస్టల్ గదిలో రాత్రి పదకొండింటికి ఒకమ్మాయి రికార్డు రాసుకుంటోంది. ఫ్యామిలీ గ్రూపులో మేనత్త ఫొటో పెట్టింది. రెండు మాటలు రాయకపోతే ‘చదువులు ఎక్కువై మమ్మల్ని మర్చిపోయింది’ అంటారు. అందుకని ఫోను తీసింది. రాయడం అయిపోయింది, వేలు రీల్స్ మీదికి జారింది. తలెత్తేసరికి పన్నెండున్నర. పెన్ను మూత తీసే ఉంది, రికార్డు అదే పేజీలో ఉంది.

ఆమె ఫోను తీసింది అత్త మీద ప్రేమతో. ఆ ప్రేమను గంటన్నర కట్టిపడేసింది మాత్రం చివరంటూ లేకుండా కట్టిన తెర. ఆ ఏర్పాటును 2006లో రూపొందించిన ఏజా రాస్కిన్ తర్వాత తానే పశ్చాత్తాపపడ్డాడు. అలాంటప్పుడు ఆ అమ్మాయిని క్రమశిక్షణ లేదని తిట్టడం అన్యాయం. నేనా మాట అనను.

నిద్ర, చదువు నిజంగా దెబ్బతింటుంటే సిగ్గుపడకుండా వైద్యుల దగ్గరకు వెళ్లండి. బెంగళూరు నిమ్హాన్స్‌లో 2014 నుంచే ఇందుకు ప్రత్యేక క్లినిక్ ఉంది.

మీలో కొందరు డాలస్‌కో అట్లాంటాకో వెళ్తారు. అక్కడ పగలైతే ఇక్కడ రాత్రి. ఇంటితో మాట్లాడే వేళ ఒకటి కుదుర్చుకోండి, దాన్ని తప్పకండి. మిగతా వేళలు మీవి. అధ్యాపకులకు ఒక మనవి: రేపటి పని రాత్రి పది దాటాక వాట్సాప్‌లో పెట్టకండి. అమ్మలూ, నాన్నలూ, నీలి టిక్కులు పడి గంటైనా జవాబు రాకపోతే పిల్లలు పనిలో ఉన్నారనుకోండి. రూమ్మేట్‌కి ఫోన్ చేసి ఆరా తీయకండి.