సంతకం పెట్టే ముందు
(ఆకాశవాణి స్త్రీల కార్యక్రమంలో చదివిన ప్రసంగం)



పోయిన వేసవిలో ఒకనాటి మధ్యాహ్నం మా ఇంటికి గ్యాసు తనిఖీ చేసే అబ్బాయి వచ్చాడు. మా రాయచోటి ఎండలు మీకు తెలియనివి కావు. సరిగ్గా అప్పుడే కొళాయి నీళ్ళు వదిలారు. బిందెలు బారుగా వున్నాయి, పొయ్యి మీద సంగటి వుడుకుతోంది, ముందు గదిలో మా ఆడబిడ్డవాళ్ళు కూర్చుని వున్నారు. ఆ అబ్బాయి గడప దగ్గరే నిలబడి, "అక్కా, గ్యాసు చెకింగు. ఈడ సంతకం పెట్టక్కా, పోతా" అన్నాడు. ఒక పని తీరిపోతుంది కదా అని నేను తడిచేతులు కొంగుకు తుడుచుకుని సంతకం పెట్టేశాను. అతను వంటింట్లోకి రాలేదు. నేనూ రమ్మనలేదు.

పది రోజుల తర్వాత సిలిండరు వెనక్కి గరిటె పడింది. తీద్దామని వంగితే, రబ్బరు ట్యూబు మీద ఎలుక పళ్ళ గాట్లు! పైపొర వూడిపోయి లోపలి తీగె కనిపిస్తోంది. ట్యూబు మీద అచ్చువేసిన సంవత్సరం చూస్తే, మార్చవలసిన గడువు దాటి అప్పటికే రెండేళ్ళయింది. బీరువాలోని కాగితం తీసి చూశాను. "ట్యూబు బాగున్నది" అని రాసి వుంది. కింద నా సంతకం.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తప్పు ఆ పిల్లవాడిదే అనుకుందామంటే మనసు ఒప్పుకోలేదు. గజం పొడవు ట్యూబు సంగతే ఇలా వుంటే, భూమి అడుగున వందల కిలోమీటర్లు పోయే గ్యాసు పైపులను ఎవరు చూస్తున్నారు? చూసేవాళ్ళకు ఆ పని వచ్చునా? ఈవేళ ఆ సంగతే మీతో చెప్పాలని వచ్చాను.

కోనసీమలో మామిడికుదురు మండలంలో నగరం అనే వూరు వుంది. పేరుకే నగరం, కొబ్బరి తోటల మధ్య పల్లెటూరు. 2014 జూన్ 27వ తేదీన, ఇంకా పూర్తిగా తెల్లవారకముందే ఆ వూరి మీద అగ్ని కురిసినట్లయింది. గెయిల్ సంస్థ వారి 18 అంగుళాల పైపులైను అక్కడ పగిలింది. తాటిపాక నుంచి విజయవాడ దగ్గరి కొండపల్లికి, కరెంటు తయారు చేసే చోటికి గ్యాసు తీసుకుపోయే పైపు అది. బయటికి వచ్చిన గ్యాసు మంచు తెరలాగా ఇండ్ల మధ్య పరచుకుంది. టీ అంగట్లో పొయ్యి వెలిగించినప్పుడు అంటుకున్నదని అప్పటి పత్రికలు రాశాయి. నిద్రలో వున్నవాళ్ళు నిద్రలోనే కాలిపోయారు. 20 మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో తల్లులూ పిల్లలూ వున్నారు.

పైపు ఎందుకు పగిలింది? విచారణలో తేలింది మన వంటింటి భాషలో చెబుతాను. ఇనుప పెనం కడిగి తడి తుడవకుండా పెడితే తెల్లవారేసరికి ఏమవుతుంది? తుప్పు పడుతుంది. ఆ పైపు నీటి తడి తీసేసిన పొడి గ్యాసు కోసం వేసినది. అందులో తడి గ్యాసు పంపించారు. గ్యాసుతోపాటు వచ్చే బొగ్గుపులుసు వాయువు, అంటే సోడాలో బుడగలుగా వచ్చేదే, నీళ్ళలో కలిస్తే ఆ నీరు ఆమ్లమై ఉక్కును తినేస్తుంది. అలా పైపు లోపలినుంచి పలచబడిపోయింది. తడి తీసే యంత్రం పెట్టవలసిన చోట పెట్టలేదు. గ్యాసు కారుతోందని ముందే చెప్పామనీ, అప్పటికి అతుకు వేసి పోయారనీ వూరివాళ్ళు అన్నారు.

నిబంధనలు లేక జరిగిందా అంటే, కాదు. మన దేశంలో పెట్రోలియం, సహజవాయువుల నియంత్రణ బోర్డు కోసం 2006లో చట్టం వచ్చింది. సహజవాయువు పైపులైన్ల బాగోగులు ఎలా చూడాలో ఆ బోర్డు 2012లోనే నిబంధనలు చేసింది. నగరం కాలిపోయింది ఆ తర్వాత రెండేళ్ళకు.

ఈ పైపులను చూసే పద్ధతులు చాలా వున్నాయి. లైను పొడవునా నడిచి చూసే మనుషులుంటారు. పైపు మీద ఎవరైనా తవ్వుతున్నారా, ఇల్లు కడుతున్నారా, పైన గడ్డి ఎందుకో ఎండిపోయిందా అని కనిపెట్టడం వాళ్ళ పని. మట్టిలోని తేమకు పైపు బయటివైపు తుప్పు పట్టకుండా పైన పూత వేస్తారు, సన్నగా కరెంటు కూడా పంపిస్తారు. లోపలివైపు చూడడానికి ఒక యంత్రాన్ని పైపులోకి వదులుతారు. దాని పేరు ఇంగ్లీషులో 'పిగ్', అంటే పంది! నవ్వకండి. ఈ పంది గ్యాసు తోసుకుపోతూ వుంటే పైపులో దొర్లుకుంటూ పోయి, అయస్కాంతం సాయంతో ఎక్కడ గోడ పలచబడిందో, ఎక్కడ సొట్ట పడిందో గుర్తుపెట్టుకుని వస్తుంది.

మరి ఇంత తెలివైన యంత్రం వుంటే చాలదా? చాలదు. అమెరికాలో బెల్లింగ్‌హాం అనే వూళ్ళో 1999 జూన్ 10న పెట్రోలు పైపు పగిలి వాగులోకి పారింది. అది అంటుకుని పదేళ్ళ పిల్లలిద్దరు, పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు ఒకడు చనిపోయారు. అయిదేళ్ళ ముందు, 1994లో, పక్కన నీటి పని కోసం తవ్వినప్పుడు ఆ పైపుకు దెబ్బ తగిలింది. ఆ తవ్వకాన్ని దగ్గరుండి సరిగా చూసుకోలేదు. తర్వాత పైపు లోపలికి యంత్రాన్ని పంపితే అక్కడ ఏదో తేడా వున్నట్లు తెలిసింది కూడా. కానీ మట్టి తవ్వి ఆ చోటు చూసినవారు లేరు. యంత్రం చెప్పింది, మనిషి వినిపించుకోలేదు. నాకు నా బీరువాలోని కాగితం గుర్తుకొచ్చింది.

కనుక అసలు ప్రశ్న మనిషిని గురించి. ఈ విషయంలో నా కళ్ళు తెరిపించింది మా ఎదురింటి అబ్బాయి. మా ప్రాంతం నుంచి కువైట్‌కు పోయేవాళ్ళు ఎందరో మీకు తెలుసు కదా. అతను అక్కడ పైపులు అతికే వెల్డరు. సెలవులకు వచ్చినప్పుడు అడిగాను, "ఏం నాయనా, నీకు పని వచ్చునని వాళ్ళు ఎట్లా నమ్మినారు?" అని.

"నమ్మరు పిన్నమ్మా, పరీక్ష పెడతారు" అన్నాడు. "పైపును ఏటవాలుగా బిగిస్తారు. దాన్ని తిప్పకూడదు. మనమే చుట్టూ తిరిగి అతకల్ల. ఆ అతుకును ఎక్స్‌రే తీస్తారు, లేదంటే కోసి వంచి చూస్తారు. పగులు కనబడితే ఇంటికే. పాసయినా ఆర్నెల్లు ఆ రకం పని చెయ్యకుంటే మళ్ళీ పరీక్షే."

సోదరీమణులారా, ఆర్నెల్లు చెయ్యి ఆగితే చాలు, మళ్ళీ పరీక్ష! మనం పదేళ్ళ కింద నేర్చినది ఇప్పటికీ వచ్చుననుకుంటాం.

అతుకు వేసేవాడికే కాదు, పైపులైను నడిపే మనుషులకూ ఇలాంటి పద్ధతి వుంది. అమెరికాలో 1999లోనే దీని మీద నిబంధన తెచ్చారు. వాల్వు తిప్పేవాడికి వాల్వు పనిలో, కారుడు వెతికేవాడికి ఆ పనిలో, ఏ పనికి ఆ పనిలోనే పరీక్ష. పని చెయ్యడం ఒక్కటే వస్తే చాలదు. మామూలుగా లేనిది ఏదైనా కనబడితే గుర్తుపట్టి, అప్పుడేం చెయ్యాలో తెలిసి వుండాలి. పరీక్ష పాసు కానివాడు, పాసయినవాడు పక్కన నిలబడి చూస్తుంటేనే ఆ పని చెయ్యాలి. కొత్త కోడలికి మొదటిసారి చకినాలు చుట్టించేటప్పుడు అత్తగారు పక్కనే కూర్చోవడం లాంటిదన్నమాట.

ఇక మన వంటింటికి వద్దాం. తనిఖీకి ఎవరైనా వస్తే ముందు గుర్తింపు కార్డు చూడండి. పొయ్యి ఆర్పి లోపలికి పిలవండి. ట్యూబు ఈ చివర నుంచి ఆ చివర దాకా చూడమనండి. దాని మీది సంవత్సరం మీరే చదవండి, అయిదేళ్ళకు ట్యూబు మార్చాలి. కారుతున్నదేమో సబ్బు నీళ్ళు రాసి చూడాలి, అగ్గిపుల్లతో ఎన్నడూ చూడకూడదు. వంటగ్యాసు గాలికన్నా బరువు, నేలబారున పేరుకుంటుంది. అందుకని వాసన వస్తే కిటికీలతో పాటు తలుపులూ బార్లా తెరవండి. రెగ్యులేటరు కట్టేయండి. లైటు స్విచ్చి వెయ్యవద్దు, వెలుగుతున్నది ఆర్పనూ వద్దు. బయటికి వచ్చి 1906 నంబరుకు ఫోను చెయ్యండి.

ఈమధ్య మళ్ళీ తనిఖీకి వేరే అబ్బాయి వచ్చాడు. ఈసారి సంగటి దించి, అతన్ని లోపలికి పిలిచాను. "నీకు ఈ పని ఎవరు నేర్పినారప్పా?" అని అడిగాను. కాసేపు తల వంచుకుని, "నేర్పేదేముందక్కా. ఫారాలు ఇచ్చి పంపినారు. ఎన్ని సంతకాలైతే అన్ని రూపాయలు" అన్నాడు. ఇరవై ఏళ్ళు కూడా వుండవు. పొద్దున్నించీ ఏమీ తిన్నట్లు లేదు. మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టాను. తర్వాత ఇద్దరం కలిసి ట్యూబు చూశాం, సబ్బు నీళ్ళు రాశాం. రెగ్యులేటరు దగ్గర చిన్న బుడగ వచ్చింది. ఆ పిల్లవాడి మొహంలో భయమూ సంతోషమూ రెండూ కనిపించాయి. "అక్కా, ఇంతవరకూ బుడగ చూడలేదు" అన్నాడు.

ఆ రోజు ఫారంలో "బాగున్నది" అని రాయనివ్వలేదు. "రెగ్యులేటరు దగ్గర కారుతున్నది, మార్చవలెను" అని రాయించి, అప్పుడు సంతకం పెట్టాను. రెండు రోజులకు మనిషి వచ్చి మార్చి పోయాడు. పని నేర్పకుండా పిల్లలను పంపవద్దని ఏజెన్సీకి వేరే ఉత్తరం కూడా రాశాను. ఇంకా జవాబు రాలేదు. మళ్ళీ రాస్తాను. మీరు కూడా రాయండి.