ప్రధానోపాధ్యాయులకు చదువు

బాగుగా పాఠము చెప్పువాడు బాగుగా పాఠశాలను నడపగలడను నమ్మకము అమెరికా సంయుక్త రాష్ట్రములలో శతాబ్దము క్రిందటనే సడలినది. 1916లో స్టాన్‌ఫర్డు ఆచార్యుడు ఎల్‌వుడ్ కబ్బర్లీ పాఠశాలా పాలనమును గూర్చి బృహద్గ్రంథము వెలువరించెను. నేడక్కడ పెక్కు రాష్ట్రములలో, కొన్నియేండ్లు తరగతిలో బోధించిన ఉపాధ్యాయుడు ప్రిన్సిపాలు కాగోరినచో, స్నాతకోత్తర విద్య నభ్యసించి లైసెన్సు పొందవలయును. ఒక ప్రాంతపు ప్రభుత్వ పాఠశాలలను నడుపు స్కూలు డిస్ట్రిక్టునకు అధిపతియగు సూపరింటెండెంటు పదవికి చదువు మరికొంత. విద్యాచట్టములు, బడ్జెట్టు, సిబ్బంది నియామకము పాఠ్యాంశములు. వీనికంటె నాకు ముఖ్యముగా తోచునది ఇంటర్న్‌షిప్పు: అభ్యర్థి అనుభవజ్ఞుడైన ప్రిన్సిపాలు పర్యవేక్షణలో, సహోపాధ్యాయుని తరగతి వెనుక బల్లపై కూర్చుండి పాఠమును గమనించి, పిదప ఏకాంతమున, ఆతని మనసు నొప్పింపక లోపమును చెప్పుట యెట్లో నేర్చుకొనును. అది ఏ గ్రంథమునను పూర్తిగా దొరకు విద్య కాదు.

మన ఆంధ్రప్రదేశమున ప్రధానోపాధ్యాయ పదోన్నతికి శాఖాపరీక్షలు గలవు. అవి సర్వీసు నిబంధనలను, ఖజానా లెక్కలను పరీక్షించునేగాని, మనుష్యులతో మెలగు నేర్పును పరీక్షింపవు. ఢిల్లీలోని జాతీయ విద్యా ప్రణాళిక, పరిపాలన సంస్థయందు 2012లో వెలసిన పాఠశాలా నాయకత్వ కేంద్రము రాష్ట్రముల సహకారముతో శిక్షణ నిచ్చుచున్నది. అయితే అది ప్రధానముగా పదవి దక్కిన పిమ్మట అందు శిక్షణ.